గిట్ట ఎముక తిరిగిపోయిన గుర్రం: చికిత్స కొనసాగించాలా, శస్త్రచికిత్స చేయించాలా, కారుణ్య మరణమా?

చుక్కగుర్రం:

అందరికీ నమస్కారం. మా 16 ఏళ్ల ఆడగుర్రానికి ముందుకాళ్లు రెండింటిలోనూ లామినైటిస్ (గిట్టను లోపలి ఎముకకు పట్టి ఉంచే మడతలు వాచి సడలిపోయే జబ్బు) తీవ్రంగా ఉంది. మొదట్లో మలుపు తిరిగేటప్పుడు మాత్రమే తడబడేది. గట్టి నేల మీద అడుగులు కురచ చేసుకుని నడిచేది. తర్వాత ముందుకాళ్లు చాపి, బరువంతా వెనకకాళ్ల మీద మోపి నిలబడటం మొదలుపెట్టింది. ఇప్పుడు పగలు కూడా ఎక్కువసేపు పడుకునే ఉంటోంది. మేత తింటోంది, నన్ను చూస్తే చెవులు నిక్కిస్తోంది, కానీ లేచి నీళ్ల తొట్టి దాకా వెళ్లడానికి అది పడే యాతన చూడలేకపోతున్నాను.

ఎక్స్-రేలో కుడి ముందుకాలి గిట్ట ఎముక 9 డిగ్రీలు, ఎడమది 12 డిగ్రీలు తిరిగినట్లు కనిపించింది. ఎడమ గిట్టలో ఎముక కొన కింద గిట్ట అడుగుభాగం మందం 8 మిల్లీమీటర్లే ఉంది. ఎముక మొత్తంగా కిందికి దిగలేదని వైద్యులు చెప్పారు. మా ముందు మూడు మార్గాలున్నాయి: గిట్టలు చెక్కించి, ఆధారం కట్టి, మందులతో కొనసాగించడం, ఎడమ కాలిలో స్నాయుబంధనాన్ని (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి కణజాలాన్ని) కోయించడం, లేదా కారుణ్య మరణం. 11.5 డిగ్రీలు దాటితే ఆశ లేదని ఒకచోట చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఇలాంటి స్థితిని దాటినవారు, దాటలేకపోయినవారు, ఇద్దరి మాటా వినాలని ఉంది.

పాతలాయం:

చుక్కగుర్రం గారూ, మీ బాధ చదువుతుంటే మా గుర్రంతో గడిపిన ఆ సంవత్సరమంతా కళ్ల ముందుకు వచ్చింది. అది కోలుకుంది, ఇప్పటికీ మా దగ్గరే ఉంది. అలాగని ప్రతి గుర్రమూ కోలుకుంటుందని చెప్పను. కానీ నిర్ణయానికి ముందు కొన్ని సంగతులు తెలియాలి. ఇది ఎందుకు వచ్చింది? కడుపు శూల గానీ, విరేచనాలు గానీ, దాణా గది తలుపు తెరిచి ఉంటే అమితంగా తినేయడం గానీ జరిగిందా? ఈమధ్య ఈనిందా, ఈనితే మాయ పూర్తిగా పడిందా? ఏదైనా జబ్బుకు స్టెరాయిడ్ ఇచ్చారా? మెడ పైభాగాన కొవ్వు గట్టిగా పేరుకుని ఉందా? పాత వెంట్రుకలు రాలాల్సిన కాలంలో రాలకుండా ఒత్తుగా మిగిలాయా?

కారణం తెలియకుండా గిట్టకు మాత్రమే వైద్యం చేస్తే, ఒకవైపు బాగుచేస్తున్న గిట్ట మరోవైపు పాడవుతూనే ఉంటుంది. మా గుర్రం విషయంలో కారణం తెలిసిన రోజు నుంచే మార్పు మొదలైంది. అంతకుముందు ఎన్ని రకాల లాడాలు మార్చినా ఫలితం నిలవలేదు.

పశువైద్య:

నేను గుర్రాల వైద్యంలో ఉన్నాను. మీ గుర్రాన్ని చూడకుండా దాని మీద తీర్పు చెప్పడం సరికాదు. మీ వైద్యులతో కూర్చుని మాట్లాడటానికి ఉపయోగపడే విషయాలు మాత్రం రాస్తాను.

గిట్ట గోడ లోపలి ముఖానికీ, గిట్ట ఎముకకూ మధ్య సన్నని మడతలు ఉంటాయి. రెండు చేతుల వేళ్లను ఒకదానిలో ఒకటి పెనవేసి పట్టుకున్నట్లు గోడవైపు మడతలూ ఎముకవైపు మడతలూ ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. ఒక్కో గిట్టలో పెద్ద మడతలే సుమారు 550 నుంచి 600 ఉంటాయి, వాటిలో ప్రతిదానికీ మళ్లీ వందకు పైగా చిన్న మడతలు ఉంటాయి. గుర్రం బరువును మోస్తున్న ఎముక గిట్టలో వేలాడుతున్నది ఈ పట్టు మీదే. ఆ పట్టు సడలినప్పుడు, కాలి వెనకభాగం నుంచి వచ్చి గిట్ట ఎముక అడుగున అతుక్కున్న లోతు స్నాయుబంధనం ఎముకను వెనక్కి లాగుతుంది, శరీర బరువు పైనుంచి నొక్కుతుంది, దాంతో ఎముక కొన కిందికి తిరిగి గిట్ట అడుగును లోపలి నుంచి ఒత్తుతుంది. మీరు చూస్తున్న నొప్పిలో పెద్దపాలు అక్కడిదే.

ఈ పట్టు సడలడానికి దారులు ప్రధానంగా మూడు. శూల, పేగుల వాపు, గర్భాశయంలో మిగిలిన మాయ, అతిగా తిన్న ధాన్యం వంటి వాటివల్ల శరీరమంతా విషప్రభావం కలిగి వచ్చేది ఒకటి. ఒక కాలు విరిగినప్పుడో, తీవ్రంగా దెబ్బతిన్నప్పుడో రెండో కాలు ఎడతెగకుండా బరువు మోసి దెబ్బతినడం రెండోది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉండటం వల్ల వచ్చేది మూడోది. మామూలుగా మనం చూసే కేసుల్లో ఎక్కువ భాగం ఇదే. ఇన్సులిన్‌ను ఎక్కువసేపు అధిక స్థాయిలో ఉంచితే, అంతకుముందు ఏ జబ్బూ లేని పోనీలకు కూడా లామినైటిస్ వస్తుందని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో చూపారు. అందుచేత మేతలోని చక్కెరను గురించిన చర్చ ఇక్కడ పక్క విషయం కాదు, వైద్యంలో సగం.

ఇక 11.5 డిగ్రీల సంగతి. అది 1982 నాటి ఒక పరిశీలన నుంచి వచ్చిన అంకె. 5.5 డిగ్రీల లోపు తిరిగినవి మళ్లీ పోటీ పనికి తిరిగి వచ్చాయి, 11.5 దాటినవి రాలేదు అన్నది దాని సారాంశం. అక్కడ కొలిచినది పందెపు పనికి పనికివస్తుందా అన్నదాన్నే, హాయిగా బతుకుతుందా అన్నదాన్ని కాదు. తర్వాత వచ్చిన పరిశీలనల్లో, తిరిగిన డిగ్రీల కన్నా గుర్రం ఎంతగా కుంటుతోంది అన్నదే ఫలితాన్ని ఎక్కువ సరిగా సూచించింది. 12 అన్న అంకె ఒక్కదాన్ని చూసి గుర్రాన్ని పోగొట్టుకోకండి. అలాగే 9 అన్న అంకె చూసి నిశ్చింతగానూ ఉండకండి. ఎముక మొత్తంగా కిందికి దిగడం మాత్రం వేరు. గిట్ట పైఅంచు వెంట వేలు పెడితే చుట్టూ గుంటలా తగిలినా, అక్కడ తడి ఊరినా వెంటనే మీ వైద్యులకు చెప్పండి. తిరగడం కన్నా దిగడం చాలా ప్రమాదకరమైన పరిణామం.

ఇన్సులిన్ పరీక్ష, పిట్యూటరీ గ్రంథి వ్యాధి కోసం ఏసీటీహెచ్ (ఆ గ్రంథి విడుదల చేసే హార్మోన్) పరీక్ష అడగండి. అయితే తీవ్రమైన నొప్పి ఈ రెండింటి విలువలనూ పెంచగలదు. నొప్పి కాస్త అదుపులోకి వచ్చాక చేయించినవే నమ్మదగినవి. పగటి వెలుగు తగ్గుతూ వచ్చే శరత్కాలంలో ఏసీటీహెచ్ ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో కూడా సహజంగా పెరుగుతుంది, కాబట్టి ఆ కాలానికి తగిన ప్రమాణంతోనే పోల్చాలి.

గిట్టపని:

నేను లాడాలు వేసే వృత్తిలో ఉన్నాను. గిట్ట పని చేసేవారికి ఎక్స్-రే చూపించారా? ఈ జబ్బులో బయటి ఆకారం చూసి చెక్కడం కళ్లు మూసుకుని చెక్కడంతో సమానం, ఎందుకంటే గోడ ఒక దిక్కున, ఎముక ఒక దిక్కున ఉంటాయి. గిట్ట ముందుగోడ మీద లోహపు తీగ అంటించి తీయించిన పక్కవాటు ఎక్స్-రే ఉంటే, ఎముక కొన ఎక్కడుందో, ముందుకొనను ఎంతవరకు వెనక్కి తేవచ్చో, మడమను ఎంత తగ్గించవచ్చో స్పష్టంగా తెలుస్తుంది.

మేము చేసేది ఇది. అడుగు వేసేటప్పుడు గిట్ట చివరగా నేలను వదిలే బిందువును వెనక్కి తెస్తాము. దానివల్ల సడలిన మడతల మీద లాగుడు తగ్గుతుంది. ముందుకొన గోడ మీద పడే బరువును గిట్ట వెనకభాగానికి, మధ్యలో ఉండే మెత్తని త్రికోణపు భాగానికి మళ్లిస్తాము. అడుగు పల్చగా ఉన్నచోట, అంటే ఎముక కొన కింద, కత్తి అస్సలు పెట్టకూడదు. 8 మిల్లీమీటర్ల అడుగు నుంచి ఒక్క పొర తీసినా గుర్రానికి మరుసటి రోజు నరకమే. కనీసం 15 మిల్లీమీటర్ల మందం ఉంటే గాని ఆ ఎముకకు సరైన రక్షణ ఉండదు.

తీవ్రదశలో నేను మేకులు కొట్టను. ఆ దెబ్బల అదురు గుర్రం భరించలేదు. గట్టి నురగ పలకను గిట్ట ఆకారానికి కోసి పట్టీతో కడతాము, అది అణిగాక దాని మీద ఇంకొకటి వేస్తాము. కాస్త నెమ్మదించాక అంచులు వాలుగా చెక్కిన చెక్క లాడం గానీ, జిగురుతో అంటించే లాడం గానీ ఉపయోగపడుతుంది. ఏది వేసినా ఒకటే పరీక్ష: వేసిన కొద్దిసేపట్లోనే గుర్రం నిలబడే తీరు మెరుగుపడాలి. మెరుగుపడకపోతే అది ఎంత పేరున్న పద్ధతి అయినా తీసి మార్చాల్సిందే.

రాత్రికాపలా:

నేను రెండో పక్షం నుంచి రాస్తున్నాను. మా గుర్రానికి మేము కారుణ్య మరణాన్నే ఎంచుకున్నాము. ఆ నిర్ణయం సరైనదేనని నేటికీ నమ్ముతున్నాను, కాబట్టి దాని గురించి సూటిగానే చెప్పగలను.

మొదటి మాట: "ఇంకా తింటోంది కదా" అన్నదాన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకోకండి. చాలా గుర్రాలు భరించరాని నొప్పిలో కూడా తింటాయి. ముఖాన్ని చూడండి. 2014లో ప్రచురితమైన ముఖకవళికల కొలమానంలో ఆరు గుర్తులు ఉన్నాయి: బిగుసుకుని వెనక్కి తిరిగిన చెవులు, సగం మూసుకున్న కన్ను, కంటిపైన బిగుసుకుని ఎముక తేలిన భాగం, ఉబ్బి కనిపించే దవడ కండరం, బిగిసిన పెదవులూ గడ్డమూ, బిగుసుకున్న ముక్కుపుటాలు. మీరు పక్కన ఉన్నప్పుడు గుర్రం మీ కోసం చెవులు నిక్కిస్తుంది; దానికి తెలియకుండా దూరం నుంచి, వీలైతే రాత్రిపూట కెమెరాతో చూస్తే అసలు స్థితి తెలుస్తుంది.

రెండో మాట: గీత ఎక్కడ గీయాలో నొప్పి తక్కువగా ఉన్న రోజున, వైద్యుల ఎదుట, కాగితం మీద రాసి పెట్టుకోండి. మేము రాసుకున్నవి ఇవి: పూర్తి మోతాదు నొప్పి మందులు ఇస్తున్నా లేవడానికి నిరాకరించడం, తుంటి మీదా మోచేతి దగ్గరా పడక పుండ్లు పడి మానకపోవడం, ఎముక గిట్ట అడుగును చీల్చుకుని బయటపడటం, మేత మీద ఆసక్తి పోవడం. వీటిలో ఏ రెండు కనిపించినా ఆగకూడదని అనుకున్నాము. ఆ రోజు వచ్చినప్పుడు మా మనసు ఒప్పుకోలేదు, కానీ ముందుగా స్థిమితంగా ఉన్నప్పుడు రాసుకున్న కాగితం మాకు బదులుగా మాట్లాడింది. అది లేకపోతే మేము మా కోసం దాన్ని ఇంకా లాగి ఉండేవాళ్లం.

చుక్కగుర్రం:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. పాతలాయం గారు అడిగిన వాటికి సమాధానాలు రాస్తున్నాను. శూల గానీ, ఈనడం గానీ, స్టెరాయిడ్ గానీ లేవు. మెడ పైన కొవ్వు గట్టిగా ఉంది, అది బలిష్ఠమైన గుర్రం కాబట్టి అలా ఉందనుకునేవాళ్లం. పరీక్షలు వచ్చాయి: ఏసీటీహెచ్ ఆ కాలానికి ఉండాల్సిన పరిధిలోనే ఉంది, ఇన్సులిన్ మాత్రం చాలా ఎక్కువగా ఉంది. పచ్చిక మేపు పూర్తిగా ఆపేశాము.

ఇప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల సలహాలతో సతమతమవుతున్నాను. కొవ్వు కరగాలంటే మేత కట్టేయమని ఒకరు, రక్తం ఆడాలంటే రోజూ నడిపించమని ఒకరు, కాళ్లను మంచులో పెట్టమని మరొకరు అంటున్నారు. అన్నిటికీ మించి, స్నాయుబంధనం కోత గురించి నిర్ణయం తీసుకోవడానికి మా వైద్యులు కొద్దిరోజుల గడువే ఇచ్చారు.

పశువైద్య:

ఒక్కొక్కటిగా చెబుతాను. మేత కట్టేయడం ప్రమాదం. లావుగా ఉన్న గుర్రాన్ని, మరీ ముఖ్యంగా పోనీలనూ గాడిదలనూ పస్తు పెడితే శరీరంలోని కొవ్వు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి కాలేయం దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది. శరీర బరువులో 1.5 శాతం ఎండుగడ్డితో మొదలుపెట్టి, తగ్గించాల్సి వచ్చినా 1.2 శాతం కన్నా దిగవద్దు. అది కూడా మీ వైద్యుల పర్యవేక్షణలోనే. గడ్డిలో పిండిపదార్థమూ చక్కెరలూ కలిపి పొడి బరువులో 10 నుంచి 12 శాతానికి లోపు ఉండాలి. పరీక్ష చేయించడం కుదరకపోతే చల్లని నీళ్లలో అరగంట నుంచి గంటసేపు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి. నానబెడితే చక్కెర ఎంత పోతుందన్నది గడ్డిని బట్టి మారుతుంది, ఖనిజాలు కూడా కొంత పోతాయి, అందువల్ల తక్కువ చక్కెర ఉన్న ఖనిజ మిశ్రమం ఒకటి జతచేయాలి. ధాన్యం, బెల్లం, తీపి కలిపిన దాణా వద్దే వద్దు.

బలవంతంగా నడిపించడం పాత అలవాటు. సడలిన మడతల మీద ప్రతి అడుగూ ఒక లాగుడు అని తెలిశాక దాన్ని ఎవరూ సమర్థించలేరు. లోతైన మెత్తని పడక వేయండి, పడుకుంటే పడుకోనివ్వండి, మేతా నీళ్లూ దాని నోటికి అందేలా దగ్గర పెట్టండి. మంచు విషయానికి వస్తే, శూల వంటి జబ్బుతో లామినైటిస్ వచ్చే ప్రమాదం ఉన్న గుర్రానికి ముందుజాగ్రత్తగానూ, కుంటడం అప్పుడే మొదలైన తొలి గంటల్లోనూ అది నిజంగా కాపాడుతుంది. గిట్ట నుంచి మోకాలి కింది దాకా మంచునీళ్లలో మునిగేలా, ఎడతెగకుండా 48 నుంచి 72 గంటలు ఉంచాలి. ఎముక తిరిగిపోయిన తర్వాతి దశలో దాని నుంచి ఆ ఫలితం ఆశించలేము.

కోత సంగతి. కాలి మధ్యభాగాన, గుర్రాన్ని నిలబెట్టే ఉంచి, మత్తూ స్థానిక మొద్దుబారుడు మందూ ఇచ్చి లోతు స్నాయుబంధనాన్ని కోస్తారు. ఎముకను వెనక్కి లాగే బలం తెగిపోవడంతో ఎముక కొన కింద ఒత్తిడి తగ్గి, అడుగు మళ్లీ మందంగా పెరగడానికి వీలవుతుంది. ఎక్కువగా తిరిగి, నొప్పి తగ్గక, అడుగు పెరగని గుర్రాలకు ఇది మంచి మార్గం. ఎముక మొత్తంగా దిగినవాటికి ఇది పనికిరాదు. కోత తర్వాత అదే పూటలో గిట్టను కొత్త కోణానికి చెక్కి, వెనక్కి పొడిగించిన లాడం వేయకపోతే కోత వ్యర్థం, పైగా గిట్ట ముందుకొన పైకి లేచిపోతుంది. ఆ తర్వాత గుర్రాన్ని విశ్రాంతిగా బతకనివ్వాలనే ఉద్దేశంతోనే దీన్ని ఎంచుకోవాలి. తేలికపాటి స్వారీకి తిరిగి వచ్చినవి ఉన్నాయి గానీ దాన్ని ముందుగా లెక్కలో వేసుకోకూడదు.

పాతలాయం:

వైద్యులు గారి మాటతో నాకు చాలావరకు ఏకీభావమే, ఒక్క చోట తప్ప. మా గుర్రానికి కూడా కోత చేయించమన్నారు. ఇన్సులిన్ అదుపులోకి వచ్చేదాకా ఆగుదామని మేము పట్టుబట్టాము, గిట్ట పనివారు ప్రతిసారీ ఎక్స్-రే చూసి చెక్కారు, కోత లేకుండానే అడుగు మందం పెరిగింది. కారణం ఇప్పుడే బయటపడిన గుర్రానికి అంత తొందరగా కోత ఎందుకు? కోసినదాన్ని మళ్లీ అతికించలేము కదా.

గిట్టపని:

పాతలాయం గారూ, మీ గుర్రం అడుగు మందం మొదట ఎంత ఉండేదో నాకు తెలియదు గానీ, ఆగడానికి వ్యవధి ఉండటం, లేకపోవడం అన్నది దాని మీదే ఆధారపడుతుంది. అడుగు 8 మిల్లీమీటర్లు ఉండి, సరిగా చెక్కి ఆధారం కట్టాక రెండు మూడు వారాల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగినా ఆగవచ్చు. పెరగకుండా ఇంకా పల్చబడితే ఆగడం వల్ల ఎముక బయటపడటమే జరుగుతుంది. నా చేతుల మీదుగా వెళ్లిన గుర్రాల్లో కోత ఆలస్యమై చేజారిపోయినవీ ఉన్నాయి, కోత అవసరమే రాకుండా బాగుపడినవీ ఉన్నాయి. అందుచేత చుక్కగుర్రం గారు మీ వైద్యులను అడగవలసిన ప్రశ్న "కోయాలా వద్దా" అన్నది కాదు. "ఎన్ని రోజుల్లో, అడుగు ఎంత పెరగకపోతే కోస్తారు" అన్నది. ఆ మాట ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకుంటే గడువు భయం పోతుంది.

పశువైద్య:

గిట్టపని గారు చెప్పినది నేను చెప్పిన దానికన్నా మెరుగ్గా ఉంది. దీన్నే నా అభిప్రాయంగా తీసుకోండి.

చుక్కగుర్రం:

ఈ రాత్రి రాయక తప్పడం లేదు. సాయంత్రం దాకా ఫర్వాలేదనిపించింది, నురగ పలకలు కట్టాక నిలబడే తీరు కూడా బాగుపడింది. ఇప్పుడు ఎడమ ముందుకాలు అస్సలు కింద పెట్టడం లేదు. ఒళ్లంతా చెమట పట్టింది, వణుకుతోంది. ఇంట్లో అందరూ ఇక చాలు, దాన్ని ఇంకా హింసించవద్దు అంటున్నారు. వైద్యులు ఉదయం వస్తామన్నారు. రాసి పెట్టుకోమన్న కాగితంలో ఇది గీత దాటినట్లేనా?

గిట్టపని:

ఒక్క కాలేనా? ఒక్క కాలే, అదీ ఉన్నట్టుండి అయితే, ముందు చీముగడ్డను అనుమానించండి. మడతల దగ్గర చచ్చిన కణజాలమూ రక్తమూ చీముపట్టి లోపల ఒత్తిడి పెరిగితే ఎముక విరిగినంత నొప్పి వస్తుంది. ఈ జబ్బులో ఇవి నెలల తరబడి వస్తూ పోతూ ఉంటాయి. మడమ పైభాగమూ, గిట్ట పైఅంచూ నెమ్మదిగా నొక్కి చూడండి. ఒకచోట మాత్రమే మెత్తగా, బాగా వేడిగా ఉండి గుర్రం కాలు లాక్కుంటే నా అనుమానం బలపడుతుంది. మీరు కత్తి పెట్టకండి. పల్చని అడుగులో తప్పుచోట రంధ్రం పడితే అది మానదు.

పశువైద్య:

చీముగడ్డ అవునో కాదో తేలకుండా ఈ రాత్రి కారుణ్య మరణం నిర్ణయం తీసుకోకండి. కానీ ఉదయం దాకా నొప్పితో వదిలేయాలని కూడా కాదు. మీ వైద్యులకు మళ్లీ ఫోన్ చేసి, ఒక్క కాలు మోపడం లేదని, చెమట, వణుకు ఉన్నాయని స్పష్టంగా చెప్పి ఇప్పుడే రమ్మనండి. ఫినైల్‌బ్యూటాజోన్ అనే నొప్పి మందు ఇచ్చి ఉంటే దాని మీద అదే తరగతికి చెందిన ఫ్లూనిక్సిన్ మీ అంతట మీరు కలపవద్దు. ఆ రెండూ కలిస్తే కడుపు, పెద్దపేగు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అవసరమైతే వేరే తరగతి నొప్పి మందు వైద్యులే జతచేస్తారు. నీళ్లు తాగుతోందో లేదో చూస్తూ ఉండండి.

రాత్రికాపలా:

నేను మేలుకునే ఉన్నాను. ఇక్కడ రాస్తూ ఉండండి. మీ ప్రశ్నకు నా సమాధానం: గీత దాటడం అంటే చేయగలిగినది ఏదీ మిగలకపోవడం. ఈ రాత్రి ఇంకా ఒకటి మిగిలి ఉంది.

చుక్కగుర్రం:

వైద్యులు రాత్రే వచ్చారు. ఎడమ మడమ పైన మెత్తబడిన చోటు నుంచి చీము బయటికి వచ్చింది. తెల్లవారేసరికి కాలు కింద పెట్టింది. ఇప్పుడు నిలబడి గడ్డి తింటోంది, రెండు కాళ్లూ పాత నొప్పితోనే ఉన్నాయి గానీ రాత్రి నేను చూసింది ఇది కాదు. గిట్టపని గారూ, వైద్యులు గారూ, మీ మాట లేకపోతే మా ఇంట్లోవాళ్ల ఒత్తిడికి నేను తలవంచి ఉండేదాన్ని.

ఇది ఇంతటితో ఆగదని తెలుసు. అందుకే ఆ రోజు వస్తే ఏం జరుగుతుందో కూడా ఇప్పుడే తెలుసుకోవాలని ఉంది. తెలియనిదాన్ని తలుచుకుని భయపడుతూ చికిత్స చేయడం నా వల్ల కావడం లేదు.

రాత్రికాపలా:

అడిగినందుకు మంచిదైంది. చోటు ముందే చూసుకోండి: మెత్తని నేల ఉండి, వాహనం దగ్గరికి రాగలిగి, గుర్రం ఎక్కువ దూరం నడవనవసరం లేని చోటు. వైద్యులు మొదట మత్తు ఇస్తారు. తర్వాత మెడ నరంలోకి మందు ఇస్తారు. గుర్రం కొద్ది క్షణాల్లోనే కూలుతుంది, అది పెద్ద శరీరం కాబట్టి పడటం బరువుగా ఉంటుంది. మీరు పక్కన ఉండాలనుకుంటే వైద్యులు చూపినచోటే నిలబడండి. స్పృహ పోయాక కూడా ఒకటి రెండు దీర్ఘశ్వాసలు రావచ్చు, కండరాలు అదరవచ్చు. అది బాధపడటం కాదు. ఇవి ముందుగా తెలియక చాలామంది ఏళ్ల తరబడి ఆ దృశ్యంతో నలిగిపోతారు.

దాని జతగుర్రం ఉంటే తర్వాత కాసేపు దాని దగ్గరికి రానివ్వండి. మాది వాసన చూసి, కాసేపు నిలబడి, తనంతట తానే మేతకు వెళ్లిపోయింది. చూడనివ్వని గుర్రం రోజుల తరబడి పిలుస్తూ తిరగడం నేను వేరేచోట చూశాను.

పశువైద్య:

ఒక్కటి జతచేస్తాను. ఇంజెక్షన్‌గా ఇచ్చేది పెంటోబార్బిటాల్ అయితే అది కళేబరంలో నిలిచి ఉంటుంది. కుక్కలు, నక్కలు, రాబందులు వంటివి తింటే చనిపోతాయి. కళేబరాన్ని అదేరోజు లోతుగా పూడ్చడమో దహనం చేయడమో ముందే ఏర్పాటు చేసుకోవాలి.

పాతలాయం:

ఈ మాట ఎందుకో ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది. చికిత్స ఎంచుకుని గుర్రాన్ని పోగొట్టుకున్నవారు, డబ్బో శ్రద్ధో ఇంకొంచెం పెట్టి ఉంటే బతికేదేమోనని తమను తాము నిందించుకోవడం ఎన్నోసార్లు చూశాను. 2006లో అమెరికాలో కెంటకీ డెర్బీ పందెం గెలిచిన బార్బరో అనే గుర్రాన్ని తలుచుకోండి. రెండు వారాలకే ప్రీక్‌నెస్ పందెంలో దాని కుడి వెనకకాలు విరిగితే, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు న్యూ బోల్టన్ సెంటర్‌లో ప్రపంచంలోనే మేలైన వైద్యం అందింది. విరిగిన కాలు బాగుపడుతూ ఉండగా బరువు మోసిన ఎడమ వెనకకాలికి లామినైటిస్ వచ్చింది. ఆ గిట్ట గోడలో సుమారు 80 శాతం తొలగించాల్సి వచ్చింది. నెలల తరబడి పోరాడాక 2007 జనవరి 29న దానికి కారుణ్య మరణం ఇచ్చారు. అంతకుముందు 1989లో సెక్రటేరియట్ అనే ప్రసిద్ధ పందెపు గుర్రం కూడా ఈ జబ్బుతోనే పోయింది. ఎవరూ తక్కువ చేయలేదు. ఈ జబ్బు స్వభావమే అంత.

చుక్కగుర్రం:

మా వైద్యులతో, గిట్ట పనివారితో కలిసి కూర్చున్నాము. ప్రస్తుతం కోత వాయిదా వేశాము. మూడు వారాల్లో మళ్లీ ఎక్స్-రే. ఎడమ అడుగు 10 మిల్లీమీటర్లకు చేరితే ఇదే దారిలో వెళ్తాము; 8 దగ్గరే ఆగినా, తగ్గినా అదే వారంలో కోత, అదే పూటలో లాడం. ఎముక మొత్తంగా దిగిన గుర్తు కనిపించినా, అడుగు చీలి ఎముక బయటపడినా, మందుల మీద ఉండి కూడా పుండ్లు మానకపోయినా కారుణ్య మరణం. కాగితం మీద ముగ్గురం సంతకాలు చేశాము. లాయంలో ముఖకవళికలు రోజుకు రెండుసార్లు రాసే పట్టిక వేలాడదీశాము, రాసేది నేను కాదు, మా అబ్బాయి. నా కన్ను ఆశతో చూస్తుందని నాకు తెలుసు.

గిట్ట పైఅంచు కింద కొత్త గోడ పెరుగుతోంది. పాత గోడ కన్నా నిటారైన కోణంలో దిగుతున్నట్లు గిట్ట పనివారు చూపించారు. ఇన్సులిన్ తగ్గించడానికి ఎర్టుగ్లిఫ్లోజిన్ వాడదామని మా వైద్యులు అంటున్నారు. దాని గురించి ఎవరైనా చెప్పగలరా?

గిట్టపని:

ఆ కొత్త కోణమే నేను చూసే మొదటి మంచి గుర్తు. గిట్ట నెలకు ఇంచుమించు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ముందుకొన పూర్తిగా కొత్తది కావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. నాలుగైదు వారాలకు మించి చెక్కడం వాయిదా పడకుండా చూసుకోండి. ముందుకొన పొడవు పెరిగిన కొద్దీ కొత్తగా అతుక్కుంటున్న గోడను పాత గోడ లాగుతుంది.

పశువైద్య:

ఎర్టుగ్లిఫ్లోజిన్ మనుషుల మధుమేహ మందు, గుర్రాల కోసం తయారుచేసినది కాదు; అయినా మేతతో మాత్రమే ఇన్సులిన్ దిగని గుర్రాల్లో దాన్ని వేగంగా తగ్గిస్తోంది, నొప్పి కూడా దానితోపాటు తగ్గడం చూస్తున్నాము. మెట్‌ఫార్మిన్ గుర్రాల పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు కాబట్టి దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎర్టుగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టే ముందు ట్రైగ్లిజరైడ్లు, కాలేయ పరీక్షలు చేయించండి, మొదలుపెట్టాక మీ వైద్యులు చెప్పిన వ్యవధిలో మళ్లీ చేయించండి. కొన్ని గుర్రాల్లో రక్తంలో కొవ్వు బాగా పెరుగుతుంది. ఆ మందు మీద ఉన్నన్ని రోజులూ గుర్రం ఒక్క పూట మేత ముట్టకపోయినా, మరుసటి మోతాదు ఇవ్వకుండా ముందు వైద్యులకు ఫోన్ చేయండి. నీళ్లు ఎక్కువ తాగి మూత్రం ఎక్కువ పోస్తుంది, కాబట్టి పడక తడవకుండా తరచు మార్చాలి. పల్చని అడుగున్న గిట్ట తడిలో నానితే ఇంకా మెత్తబడుతుంది.